మీకు తెలుసా? గడ్డకట్టిన పండు కూడా పచ్చిదే

గాంధీజీ చేత పొయ్యి ముట్టని తిండి తినిపించింది మన రాజమండ్రి మనిషే. 1929 వేసవిలో ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశం తిరుగుతూ గాంధీజీ రాజమండ్రి వచ్చినప్పుడు సుందరం గోపాలరావు గారనే ప్రకృతి వైద్య ప్రియుడు ఆయన్ని కలిశారు. తొట్టి స్నానాలూ అవీ మంచివే గానీ అవి కూడా కృత్రిమమేననీ, రోగం వదలాలంటే తిండికి నిప్పు సెగ తగలకూడదనీ గోపాలరావు గారి వాదన. మెల్లమెల్లగా అలవాటు పడాలి కదా అని గాంధీజీ సందేహిస్తే అక్కర్లేదన్నారు. నాకేమైనా అయితే ఆ పూచీ మీదేనా అంటే దానికీ ఒప్పుకున్నారు. అన్న మాట ప్రకారం నానబెట్టిన గోధుమలు పంపారు. అవి ఎవరి కోసమో తెలియక కస్తూర్బా వాలంటీర్లకు పెట్టేస్తే వాళ్లు ఖాళీ చేశారు. దాంతో ప్రయోగం ఒక రోజు వెనక్కి జరిగి మే 9న మొదలైంది. ఈ సంగతంతా గాంధీజీయే ఆ జూన్‌లో తన ‘యంగ్ ఇండియా’ పత్రికలో రాశారు.

ఆ తిండి ఏమిటంటే, రోజుకు 8 తులాల మొలక గోధుమలు, 8 తులాల బాదం ముద్ద, 8 తులాల నూరిన ఆకుకూర, 6 నిమ్మకాయలు, 2 ఔన్సుల తేనె. తులం అంటే సుమారు 11.7 గ్రాములు. నిప్పు సెగ తగిలింది తాగే నీళ్లకు మాత్రమే. ఆగస్టులో జిగట విరేచనాలు పట్టుకోవడంతో గాంధీజీ ప్రయోగం మానేసి మళ్లీ మేకపాలకు వచ్చారు. ఫలితం ఎలా ఉన్నా, పచ్చి తిండి గురించి దేశం మాట్లాడుకునేలా చేసిన ఘనత గోపాలరావు గారిది. గోదావరి జిల్లాల్లో ఆయన పేరు ఇంతగా మరుగున పడిపోవడం నాకు బాధగా ఉంటుంది.

సరిగ్గా అదే 1929లో అమెరికాలో క్లారెన్స్ బర్డ్స్ఐ అనే ఆయన ఆహారాన్ని వేగంగా గడ్డకట్టించే తన వ్యాపారాన్ని 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్మారు. కెనడాలోని లాబ్రడార్ చలిలో, పట్టిన చేప పట్టినట్టే గడ్డకట్టడం, కరిగాక తాజా రుచే ఉండడం చూసి నేర్చుకున్న విద్య అది. 1930 మార్చిలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో గడ్డకట్టిన చేపలు, మాంసం, కూరలు, పండ్లు అమ్మకానికొచ్చాయి. పచ్చి తిండి తినేవాళ్లకు కొత్త ప్రశ్న కూడా అక్కడి నుంచే వచ్చింది. నిప్పు తగలకూడదు, సరే. మంచు తగలొచ్చా?

వేడిని కొలబద్దగా పెట్టుకుంటే తగలొచ్చు. పచ్చి తిండి పాటించేవాళ్లు చాలామంది గీత గీసుకునేది 48 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అది దాటితే పదార్థంలోని ఎంజైములు చెడతాయని వారి మాట. ఫ్రీజర్ ఆ గీత జోలికే పోదు. చలి ఎంజైముల పనిని మందగింపజేస్తుందే తప్ప వాటిని తుడిచిపెట్టదు.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తాజా అనాస ముక్కలు పాలల్లో వేసి కాసేపు ఉంచితే పాలు చేదెక్కుతాయి. అనాసలోని బ్రోమెలైన్ అనే ఎంజైము పాలలోని మాంసకృత్తులను తెగ్గొడుతుంది. గడ్డకట్టించి కరిగించిన అనాసతోనూ ఇంతే. ఉడికించిన అనాసతో మాత్రం చేదు రాదు.

కానీ అన్ని ప్యాకెట్లూ పచ్చివి కావు. పచ్చి బఠాణీ, బీన్స్ లాంటి కూరలను గడ్డకట్టించే ముందు మరిగే నీళ్లలోనో ఆవిరిలోనో కాసేపు ఉంచి తీస్తారు. లేకపోతే ఎంజైములు ఫ్రీజర్‌లో కూడా నిదానంగా పనిచేసి రంగు, రుచి పాడు చేస్తాయి. పండ్లను సాధారణంగా అలా చెయ్యరు. డబ్బాల్లో వచ్చే మామిడి గుజ్జు వేడి చేసి సీలు వేసినదే కాబట్టి అది పచ్చిది కాదు. ఇంట్లో రసాలు పిండి ఫ్రీజర్‌లో పెట్టుకున్న గుజ్జు పచ్చిదే.

గోపాలరావు గారి కొలబద్ద మాత్రం వేరు. ఆయన కోరింది ప్రాణమున్న తిండి, మొలకెత్తే గింజ. ఆ లెక్కన ఫ్రీజర్ పనికిరాదు. మొలకెత్తిన పెసలను గడ్డకట్టించి బయటపెట్టండి, ఇక పెరగవు. లోపలి నీరు మంచు పలుకులై కణాలను చీల్చేస్తుంది. ఎండు గింజలో నీరు చాలా తక్కువ కనుక దానికి ఈ గండం లేదు. నార్వే దేశపు స్వాల్బార్డ్ విత్తన భాండాగారంలో 2008 నుంచి గింజలను మైనస్ 18 డిగ్రీల దగ్గరే దాస్తున్నారు. మామిడి టెంక, పనస గింజ, కొబ్బరికాయ ఆ వైభవానికి నోచుకోలేదు. ఎండినా చస్తాయి, గడ్డకట్టినా చస్తాయి. అందుకే కొబ్బరి రకాలను తోటలుగా పెంచి కాపాడాల్సి వస్తుంది.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో పనిచేసేవారికి ఐక్యూఎఫ్ కొత్త మాట కాదు. మైనస్ 40 ప్రాంతపు చలిగాలిలో ఏ రొయ్యకు ఆ రొయ్యను నిమిషాల్లో గడ్డకట్టించే పద్ధతి అది. పండు ముక్కలకూ ఇదే విద్య. వేగంగా గడ్డకడితే మంచు పలుకులు చిన్నవిగా ఏర్పడి ముక్క నలగదు. ఇంటి ఫ్రీజర్‌లో గంటల తరబడి సాగుతుంది కనుక పలుకులు పెద్దవై, కరిగాక ముక్క మెత్తబడి రసం కారుతుంది. చిన్న ముక్కలు కోసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టాక డబ్బాలోకి మారిస్తే చాలా మేలు. కారిన రసం పారబొయ్యకండి, విటమిన్లు అందులోనూ ఉన్నాయి.

అరటిపండుకి ఫ్రిజ్ పడదు. 13 డిగ్రీలకంటే చల్లబడితే తొక్క నల్లబారుతుంది, లోపలి పండు మాత్రం బాగానే ఉంటుంది. రావులపాలెం నుంచి గెల తెచ్చుకుని ఒకేసారి ముగ్గిపోతే చక్కెరకేళిని తొక్క తీసి, ముక్కలు చేసి గడ్డకట్టించండి. తొక్కతో పెడితే తర్వాత ఒలవడం నరకం. ఆ ముక్కల్ని అలాగే మిక్సీ పడితే పాలూ చక్కెరా లేకుండానే ఐస్‌క్రీం లాంటిది వస్తుంది.

సీతాఫలం వేడి చేస్తే చేదెక్కుతుంది. దాని గుజ్జుని నిలవ చేయాలంటే గడ్డకట్టించడమే మంచి దారి. ఏ కాలంలో అడిగినా సీతాఫలం ఐస్‌క్రీం దొరుకుతున్నది అందుకే.

చల్లదనం నాలుకకు తీపి తగ్గించి చూపిస్తుంది. గడ్డకట్టిన కొత్తపల్లి కొబ్బరి మామిడి ముక్క చప్పగా అనిపించినా అందులో చక్కెర రవ్వంత కూడా తగ్గదు. షుగర్ ఉన్నవాళ్లు రుచిని నమ్మి ఇంకో గిన్నె వడ్డించుకోకూడదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కుర్రతనంలో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముదామని ఇల్లు వదిలి బయల్దేరారని చెబుతారు. 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని విడదీసి తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండే ఈ విటమిన్ నీళ్లలో ఉడికిస్తే బాగా తగ్గుతుంది. పచ్చి తిండి పక్షాన నిలిచే బలమైన సాక్ష్యాల్లో ఇదొకటి. బి12 మాత్రం ఏ ఆకులోనూ, ఏ పండులోనూ దొరకదు. పాలు కూడా మానేసి పచ్చి తిండితోనే ఉండదలచినవారు దానికి డాక్టర్ని అడిగి ఏర్పాటు చేసుకోవాల్సిందే.

ఫ్రీజర్ క్రిములన్నిటినీ చంపదు. 2012లో జర్మనీలో చైనా నుంచి వచ్చిన గడ్డకట్టిన స్ట్రాబెర్రీల వల్ల దాదాపు 11 వేల మంది వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. వారిలో ఎక్కువమంది బడిపిల్లలు. కారణం నోరోవైరస్. ఉడికించే ఇంట్లో పొయ్యి చేసే పనిని పచ్చిగా తినే ఇంట్లో శుభ్రతే చెయ్యాలి. గడ్డకట్టించే ముందే పండు కడగండి, కత్తీ చేతులూ కూడా.

వేసవిలో కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు మాటిమాటికీ తియ్యకండి. వచ్చాక చూస్తే ముక్కల్లో ఇంకా మంచు పలుకులుంటే మళ్లీ గడ్డకట్టించొచ్చు, రూపు కాస్త చెడుతుందంతే. పూర్తిగా కరిగి చాలాసేపు వెచ్చగా ఉండిపోయినవి పారెయ్యడమే మంచిది. చల్లగా ఉన్నవైతే ఆ పూటే మిక్సీలో వేసి తాగేయండి.