బంపర్ తెల్లబడ్డదా? నూనె రాయకుండ్రి

నల్లగొండ, పాలమూరు ఎండల సంగతి మీకు ఎరుకే. మే నెలల 40 డిగ్రీలు దాటుతది. గా ఎండకే పాత మారుతి 800, ఆల్టోల నల్ల బంపర్లు బూడిద రంగుకొస్తయి.

ఎందుకట్ల? బంపర్ ఎక్కువగా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. అతినీలలోహిత కిరణాలు దాని పైపొరలోని అణుగొలుసులను తెంపుతయి. పొర గరుకై తెల్లగా కనిపిస్తది. లోపలి నలుపు అట్లనే ఉంటది.

కొబ్బరినూనె రాస్తే రెండు రోజులు మెరుస్తది, తర్వాత దుమ్మంతా పట్టుకుంటది. హీట్ గన్ పెడితే నలుపు వస్తది గానీ, వేడి జర ఎక్కువైతే ప్లాస్టిక్ వంకర పోతది, పక్కన పెయింటూ ఖరాబైతది.

మరి ఏం చేయాలె? బండిని నీడలో పెట్టి, చల్లారినంక కార్ షాంపూ, మెత్తటి బ్రష్‌తో కడగండి. ఆరినంక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పాత పాలిష్ జిడ్డు పోతది. పెయింట్ అంచులకు మాస్కింగ్ టేప్ వేయండి. ట్రిమ్ రిస్టోరర్‌ను ముందుగాల కనిపించని మూలన రాసి చూడండి, తర్వాత అంతటా పల్చగా రాయండి. సిలికాన్ జెల్ చవక, కానీ వానలకు కొట్టుకపోతది. గట్టిపడే కోటింగ్ రకం నెలల తరబడి ఉంటది.

బండి అమ్మేటోళ్లకు ఒక్క మాట: వెలిసిన బంపర్ చూసి కొనేటోడు ధర తగ్గిస్తడు, నిజమే. అందుకే మెరిపియ్యండి. పగులుంటే మాత్రం దాచకుండ చూపియ్యండి.