జావ కాదుమా, చిక్కీ!

ఎడిటర్‌గారు అడిగింది వేరు. “బడి నుంచి వచ్చిన పిల్లల చేత కబుర్లు చెప్పించడం ఎలా? పది చిట్కాలు, నాలుగు ఫొటోలు, గురువారం సాయంత్రానికల్లా” అన్నారు. చిట్కాల మీద నాకు మొదటినుంచీ గురి లేదు. ‘ఈరోజు నిన్ను నవ్వించిందెవరు’ తరహా ప్రశ్నల జాబితాలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి. ఒకసారి మా వాడి మీద ప్రయోగించాను. మూడో ప్రశ్నకి “పరీక్షా?” అని అడిగి ఆటకి వెళ్లిపోయాడు.

పరిశ్రమల కేంద్రమైన శ్రీ సిటీకి ఎందుకు వెళ్లానంటే, అక్కడి షిఫ్టుల కోసం. బడి వదిలిపెట్టే వేళకి అక్కడ చాలా ఇళ్లలో అమ్మ ఉండదు. వరదయ్యపాళెం వైపు ఒక ఊళ్లో రెండు గదుల ఇల్లు. రెండో తరగతి పాప, వాళ్లవ్వ. అమ్మ ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పని చేస్తుంది. మధ్యాహ్నం షిఫ్టు పడిన వారం ఒంటిగంటన్నరకే కంపెనీ బస్సు వచ్చేస్తుంది, తిరిగి దింపేసరికి రాత్రి పదకొండు. పొద్దున జడలేసే హడావిడిలో మాటలు సాగవు. ఇక మిగిలింది సాయంత్రం విరామంలో, లాకర్లోంచి ఫోను తీసి మాట్లాడే పది నిమిషాలు.

ఆ పది నిమిషాలూ మొన్నమొన్నటి దాకా ఇలా గడిచేవట. “బళ్లో ఏం జరిగింది?” “ఏం లేదు.” “ఏం చెప్పినారు?” “ఏమో.” “అవ్వకియ్యి ఫోను.”

ఇప్పుడా ఇంటి తలుపు వెనక ఒక కాగితం ఉంది. బడి గోడమీది మధ్యాహ్న భోజనం మెనూని ఫొటో తీసి, జిరాక్సు షాపులో ప్రింటు వేయించింది అమ్మ. ఒక మూల అవ్వ చేతి నూనె మరక. 2025 జులై 10న, గురువారం, రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది కదా, ఆ రోజు సెలవు పెట్టి బడికెళ్లింది. అందరూ ప్రోగ్రెస్ కార్డు చూసుకుంటూంటే ఈమె పాప పక్కన పంక్తిలో కూర్చుని తిని, వచ్చేటప్పుడు మెనూని ఫోనులో పట్టుకొచ్చింది. సోమ, బుధ, శుక్రవారాల్లో చిక్కీ. మంగళ, గురు, శనివారాల్లో రాగిజావ. వారానికి ఐదు రోజులు కోడిగుడ్డు.

నేను వెళ్లింది శుక్రవారం. ఆరింటికి ఫోను మోగింది. స్పీకర్లో పెట్టారు.

“ఈ పొద్దు జావ తాగినావా పాపా?”

“జావ కాదుమా, చిక్కీ! శుక్రారం జావ యాడుంటాది?”

అంతే, గట్టు తెగింది. చిక్కీ విరవడానికి పలక అంచుకేసి కొట్టడం, ముక్క ఎగిరి పక్క వరసలో పడటం, అది తనదేనని ఒక పిల్లోడు పట్టుకోవడం, టీచరు వచ్చి ఇద్దరినీ నిలబెట్టడం. నిలబెట్టినప్పుడు కిటికీలోంచి కోతి కనబడటం. కోతి దగ్గర విరామం అయిపోయింది.

అమ్మ కావాలనే తప్పు అడిగింది. “సరిగ్గా అడిగితే ఊ అంటాది. తప్పడిగితే వొదల్దు” అని రాత్రి బస్సు దిగాక నాతో చెప్పింది. పెద్దవాళ్ల తప్పు దిద్దే అవకాశం ఏడేళ్ల వయసులో ఎన్నిసార్లొస్తుంది? వదులుకుంటారా?

పాప ‘ఏం లేదు’ అనడంలో మొండితనం లేదని నా నమ్మకం. మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ ఫివుష్ 1984లో ఒక అధ్యయనం వెలువరించారు. కిండర్‌గార్టెన్ పిల్లల్ని బడిలో చేరిన రెండో రోజే పలకరిస్తే, వాళ్లు అప్పటికే ‘బళ్లో ఏమేం చేస్తారంటే...’ అని రోజూ ఉండే వరస అప్పజెప్పారు. ‘ఏం జరిగింది’ అని మనం అడిగితే పిల్లల బుర్రలో లేచేది ఆ వరసే. అందులో కొత్తేముంది చెప్పడానికి? అదే ఏడాది ఆమె, సహ పరిశోధకులు కలిసి రాసిన మరో పత్రంలో, మ్యూజియం చూసొచ్చిన అలాంటి పిల్లలు ఏడాది తర్వాత కూడా ఆ సంగతులు చెప్పగలిగారు. అయితే వాటిని బయటికి లాగడానికి ఏదో ఒక ఆనవాలు కావలసివచ్చింది. ఈ ఇంట్లో ఆనవాలు చిక్కీ.

ఈ చోటి చరిత్ర క్లుప్తంగా: 2008లో మొదలైన శ్రీ సిటీ సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో, తడకి దగ్గరగా, చెన్నైకి ఓ యాభై అయిదు కిలోమీటర్ల దూరాన ఉంది. చిత్తూరు జిల్లాలో ఉండిన ఈ పల్లెలు 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలోకొచ్చాయి. ఇసుజు వాహనాలు, చాక్లెట్లు, ఫోన్లు, మెట్రో రైలు పెట్టెలు ఇక్కడ తయారవుతాయి.

అవ్వకు అర్థంకాని బడి

తమిళనాడు సరిహద్దు పల్లెలివి. చాలా ఇళ్లలో అరవం, తెలుగు కలగలిసి నడుస్తాయి. బడేమో ఇంగ్లీషు మీడియం. ‘అసెంబ్లీలో లైన్ తప్పినందుకు మిస్ బ్యాక్‌బెంచ్‌కి పంపింది’ అన్న సంగతి అవ్వకి చెప్పాలంటే పాప ముందు దాన్ని తర్జుమా చేసుకోవాలి. అలసిపోయి వచ్చిన బిడ్డకి ‘ఏం లేదు’ అనడం తేలిక. 2020లో ప్రభుత్వం ఒకవైపు తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండేలా పాఠ్యపుస్తకాలిచ్చింది. ఇంటి మాటకి, బడి మాటకి అలాంటి ఎదురు పేజీ ఇంకెవరూ వేయలేదు. గుడ్డు మాత్రం మూడు భాషల్లోనూ పగులుతుంది.

రైలుబడి హెడ్‌మాస్టరు

జపాను కంపెనీలున్న చోట జపాను మాట రాకుండా ఉండదు. తెత్సుకో కురొయనగి 1981లో రాసిన ‘తొత్తోచాన్’ తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. బడిలో చేరేరోజు హెడ్‌మాస్టరు కొబయాషి ఆ పుస్తకంలోని చిన్నారి తొత్తోచాన్ కబుర్లు నాలుగు గంటలు విన్నాడు. రోజూ పిల్లలు అన్నం డబ్బాలో సముద్రం నుంచి కొంత, కొండ నుంచి కొంత తెచ్చారా అని చూసేవాడు. అన్నం దగ్గర మాట కలపడం ఆయనకీ తెలుసు. నాలుగు గంటలు వినే ఓపిక మాత్రం మన ఏ షిఫ్టులోనూ ఇమడదు.

శనివారం నేను బయల్దేరేముందు మళ్లీ ఫోనొచ్చింది. ఈసారి పాపే ముందు అడిగింది.

“కంపెనీలో ఏం చేసినావుమా?”

“ఏం లేదు. మామూలే.”

పాప కాగితం వైపు చూసింది. అందులో క్యాంటీను లేదు. కాసేపాలోచించి, “సాంబారా, రసమా?” అంది.