పాత కారులో బ్లోయర్ మొరాయిస్తే

కారులో ఏసీ వేసినా, హీటర్ వేసినా లోపలికి గాలి తోసేది ఒకటే ఫ్యాను. దాన్ని బ్లోయర్ అంటారు. రేడియేటర్, కండెన్సర్‌ల దగ్గర ఉండే ఫ్యాను వేరు. చల్లదనం తగ్గినప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఈ రెండింటిలో ఏది ఆగిందన్నదే. లోపల గాలే రాకపోతే లోపం బ్లోయర్ వైపు ఉన్నట్టు. గాలి బాగానే వస్తూ, రోడ్డెక్కితే చల్లగా, గుడివాడ బజారులో ఆగగానే వేడిగా మారితే కండెన్సర్ ఫ్యాను చూడాలి. బండి నడుస్తున్నంతసేపూ ఎదురుగాలి ఆ ఫ్యాను పని చేసిపెడుతుంది కాబట్టి లోపం ఆగినప్పుడే బయటపడుతుంది. ఇంజను వేడెక్కి ఉంటే ఈ ఫ్యాను దానంతటదే తిరగొచ్చు, చెయ్యి పెట్టకూడదు.

బ్లోయర్ ఏ స్పీడులోనూ తిరగకపోతే ముందుగా ఫ్యూజు చూడాలి. అది మాడి ఉంటే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. పెద్దది వేస్తే ఈసారి మాడేది వైరింగే. కొత్త ఫ్యూజూ వెంటనే పోతే మోటారు బిగుసుకుపోయిందనో, వైరు ఎక్కడో షార్ట్ అయిందనో అర్థం. ఫ్యూజు బాగుంటే రిలే, స్విచ్చి, ఆ తర్వాత మోటారు ప్లగ్గు చూడాలి.

మన దేశపు కార్లలో బ్లోయర్ సాధారణంగా ఎడమవైపు సీటు ముందున్న డ్యాష్‌బోర్డు అర వెనకాల ఉంటుంది. స్విచ్చి పై స్పీడులో పెట్టి, ప్లగ్గులోని రెండు పిన్నులకు 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు తగిలించాలి. బల్బు వెలిగినా మోటారు తిరగకపోతే లోపం మోటారుదే. పిన్నుల మధ్య వెలగని బల్బు, ఒక కొసను బాడీకి తాకిస్తే వెలిగితే ఎర్తు సరిగా లేదన్నమాట. చేపల చెరువుల మధ్య ఉన్న నందివాడ లాంటి చోట తేమ ఎక్కువ. రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. గీకి శుభ్రం చేస్తే చాలాసార్లు కొత్త భాగమేదీ అక్కర్లేదు. మోటారును మెల్లగా తడితే తిరిగి, మళ్లీ ఆగితే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టు.

పై స్పీడు ఒక్కటే పనిచేసి, కింది స్పీడులు రాకపోతే సాధారణంగా రెసిస్టర్ కాలిపోయి ఉంటుంది. కింది స్పీడులకు కరెంటును తగ్గించేది అదే. పై స్పీడుకు కరెంటు దాన్ని దాటి నేరుగా వెళ్తుంది. రెసిస్టర్ వేడిని చల్లార్చేది కూడా బ్లోయర్ గాలే. అందుకే కొత్తది బిగించేముందు గాలి దారి శుభ్రం చేయాలి. వరికోతల కాలంలో ఊక, దుమ్ము, ఎలుకలు తెచ్చి కూరిన గడ్డి అడ్డుపడి ఉంటే కొత్త రెసిస్టర్ కూడా తొందరగానే మాడుతుంది. మోటారు మోత వినిపిస్తూ గాలి పలచగా రావడానికీ ఈ అడ్డే ముఖ్య కారణం.

హీటర్‌కు వేడి ఇంజను నీళ్ల నుంచి వస్తుంది. గాలి వస్తూ వేడి లేకపోతే కూలెంట్ మట్టం, థర్మోస్టాట్, హీటర్ వాల్వు చూడాలి. వాల్వు తెరిచిన స్థితిలోనే బిగుసుకుపోతే ఏసీ గాలీ వెచ్చబడుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నందివాడ మండలంలోని ఊళ్లను ముంచెత్తింది. అలా నీళ్లలో నిలిచిన కారులో బ్లోయర్ స్విచ్చి వెంటనే వేయకూడదు. బ్యాటరీ వైరు తీసి, మోటారు, ప్లగ్గులు విప్పి ఆరబెట్టి, చిలుము తుడిచాకే కరెంటు ఇవ్వాలి.