లోయలో చిక్కిన చలిగాలి

కొండ నెక్కినకొలది చలి హెచ్చునని మనము చదువుకొంటిమి. కాని శీతకాలమున కొన్ని లోయలలో ఇది తారుమారగును. అమెరికాలోని యూటా రాష్ట్రమున సాల్ట్ లేక్ నగరము, తూర్పున వాసాచ్ కొండలు, పడమట ఓకర్ కొండలు గల అట్టి లోయలో నున్నది. దీర్ఘరాత్రులందు మంచు కప్పిన నేల మిక్కిలి చల్లబడి, తన్నంటిన గాలిని చల్లబరచును. బరువైన ఆ గాలి వాలుల వెంట దిగి అడుగున నిలుచును. పైనున్న వెచ్చని గాలి దానిని మూతవలె కప్పును. అంత వాహనముల పొగ, ఇండ్ల పొగ బయటపడలేక దినములతరబడి పేరుకొనును. అట్టి దినములలో అచ్చటి పాఠశాలలు పిల్లలను విరామవేళ లోపలనే ఉంచును.

ఈ మూత ఎన్నడు తొలగునో ముందుగా తెలియుట యెట్లు? శాస్త్రజ్ఞులు లోయలోని గాలిని లెక్క కొరకు చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోని వేడిమి, తేమ, గాలివేగము ఎట్లు మారునో కంప్యూటరుచే గణింపజేయుదురు. గడులు పెద్దవైనచో లెక్కలో లోయ లోతు తగ్గి, పలుచని చలిపొర కరగిపోవును. నిజముగా పొగ నిలిచియుండగనే అది తొలగెనని కంప్యూటరు చెప్పును. నేలపై మంచు సంగతి తప్పుగా తెలిపినను ఫలితము తప్పును. అందుచేతనే 2010-11 శీతకాలమున పరిశోధకులు ఆ లోయలో బెలూనుల నెగురవేసి, అసలు గాలిని కొలిచి, లెక్కలతో సరిచూచిరి.

లెక్క యెంత పెద్దదైనను, కొలిచి సరిచూడనిదే నమ్మరాదని మేము విద్యార్థులకు చెప్పుచుందుము.