భాష రాని దేశంలో టాక్సీ ఎక్కాలంటే

కురిచేడు స్టేషన్ బయట ఆటో ఎక్కితే అడ్రసు చెప్పాల్సిన పని పెద్దగా ఉండదు. ఫలానా వాళ్లింటికి అంటే చాలు. ఛార్జీ ఎంతో ఎక్కేవాళ్లకీ తెలుసు, తోలేవాళ్లకీ తెలుసు. అందుకే దుబాయ్‌లో కొడుకు దగ్గరికో, అమెరికాలో కూతురి పురుడుకో బయల్దేరే మన కురిచేడు, దొనకొండ, మార్కాపురం పెద్దవాళ్లకు విమానం కన్నా దిగాక ఎక్కే టాక్సీ గురించే బెంగెక్కువ. పిల్లలు ఎయిర్‌పోర్టుకు వస్తే సరే, డ్యూటీలో ఉండి రాలేకపోతే ఎట్లా?

ధైర్యంగా బయల్దేరండి. టాక్సీలో మాటతో పని పడేది మూడు సంగతులకే. ఎక్కడికి పోవాలి, ఎంతవుతుంది, ఎక్కడ ఆపాలి. మూడింటినీ ఇంటి దగ్గరే కాగితం మీద పెట్టుకోవచ్చు.

అసలు చిక్కంతా అడ్రసులోనే. దుబాయ్‌లో అల్ నహ్దా అనే పేట ఉంది. దాన్ని ఆనుకునే షార్జాలోనూ అల్ నహ్దా ఉంది. ఒట్టి పేరు చెబితే డ్రైవర్ ఒక అల్ నహ్దాకి తీసుకెళ్తాడు, మీ అబ్బాయి ఇంకో అల్ నహ్దాలో ఎదురుచూస్తుంటాడు. కాబట్టి ఊరు, పేట, బిల్డింగు పేరు, ఫ్లాటు నంబరు, పిల్లవాడి ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఇంగ్లీషులో ఒకసారి, అక్కడి లిపిలో ఒకసారి. దుబాయ్‌లో ప్రతి బిల్డింగు గుమ్మానికీ మకానీ అనే పదంకెల నంబరు ఉంటుంది, అదీ రాయించండి. మకానీ యాప్‌లో ఆ అంకెలు కొడితే దారి నేరుగా ఆ గుమ్మం దగ్గరికే చూపిస్తుంది. అమెరికాలో అయితే అయిదంకెల జిప్ కోడ్ తప్పనిసరి. అక్కడ ఒకే పేరుకు చివర స్ట్రీట్ అని ఉంటే ఒక రోడ్డు, కోర్ట్ అని ఉంటే వేరే రోడ్డు. థాయిలాండ్, చైనా లాంటి చోట్ల హోటల్ కార్డు జేబులో ఉంటే చాలు, తిరిగి రావడానికి అదే దారి చూపిస్తుంది.

డబ్బు సంగతికొస్తే, ఎయిర్‌పోర్టు లోపలే ఎదురొచ్చి టాక్సీ టాక్సీ అని పిలిచేవాళ్ల వెంట పోవద్దు. బయట బోర్డు చూసుకుని టాక్సీ క్యూలో నిలబడండి. దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఎక్కితే మీటరు 25 దిర్హాముల దగ్గర మొదలవుతుంది. అది మోసం కాదు, అక్కడి లెక్కే అంత. దారిలో టోల్ గేటు పడితే అదీ కలుస్తుంది. న్యూయార్క్ జేఎఫ్‌కే నుంచి మన్‌హాటన్‌కు పసుపు టాక్సీలో మీటరుతో పని లేదు, ఒకటే రేటు, 70 డాలర్లు. టోలు, టిప్పు వేరే. జపాన్‌లో అసలు టిప్పే ఇవ్వరు. అరబ్బు దేశాల్లో అంకెలు కూడా చూసి పెట్టుకోవాలి. అక్కడి అయిదు మన సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఏమో ఒట్టి చుక్క. 50ని చూసి సున్నా పక్కన చుక్క అనుకుంటారు కొత్తవాళ్లు.

గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఒక తేలిక ఉంది. అక్కడ టాక్సీ తోలేవాళ్లలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, కేరళ వాళ్లు చాలామంది. పొడి పొడి హిందీ వచ్చినా పని జరుగుతుంది. మన ఊళ్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లకేం తక్కువ? బయల్దేరే ముందు వాళ్ల దగ్గర కూర్చుని నాలుగు మాటలు నేర్చుకోండి. అంకెలు మాత్రం నోటితో అడగొద్దు, ఫోన్‌లో కొట్టి చూపించమనండి.

డాలస్ పక్కన ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి చోట్ల ఊబరే దిక్కు. అక్కడ మీరు మాట్లాడాల్సింది ఇంకా తక్కువ. అమ్మాయి ఇంట్లో కూర్చుని మీ పేరు మీద బండి బుక్ చేయగలదు, అది ఎక్కడిదాకా వచ్చిందో చూస్తూ ఉండగలదు. సింగపూర్, మలేషియాల్లో ఇదే పనికి గ్రాబ్ యాప్ ఉంది. ఏ యాప్ అయినా ఎక్కే ముందు నంబరు ప్లేటు సరిచూడాల్సిందే. పేరు మీరు చెప్పొద్దు, డ్రైవర్‌నే మీ పేరు చెప్పనివ్వండి.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు ఉంది. పనికొస్తుంది, కాకపోతే మనం ఇంట్లో మాట్లాడినట్టు యాడ, యాల అంటే దానికి అందదు. పుస్తకంలో రాసినట్టు పొట్టి వాక్యం చెప్పండి. "ఇక్కడ ఆపండి" అంతే. అదీ కుదరకపోతే పిల్లలకు ఫోన్ కలిపి డ్రైవర్ చేతికివ్వండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలి, దుబాయ్‌లో లేకపోతే 400 దిర్హాముల జరిమానా. దిగేటప్పుడు బిల్లు అడిగి తీసుకోండి. పచ్చడి సీసాల సంచి డిక్కీలోనే మర్చిపోయినా, దుబాయ్‌లో అయితే అక్కడి రవాణా సంస్థ ఆర్‌టీఏ కాల్ సెంటర్ 8009090కి ఫోన్ చేసి బిల్లు మీదున్న బండి నంబరు చెప్పి వెతికించమని అడగొచ్చు.