బ్యానర్ మీద తెల్లగీతలు ఎందుకు పడతాయి?

పెద్ద ఇంక్‌జెట్ ప్రింటర్‌లో ఫ్లెక్స్ వేస్తుంటే ఒక్కోసారి బొమ్మ మీద సన్నని తెల్లగీతలు పడతాయి. చాలామంది వెంటనే హెడ్ క్లీనింగ్ నొక్కేస్తారు. అది తొందరపాటు. ఒకేలా కనిపించే ఈ గీతలకు వేర్వేరు కారణాలు ఉంటాయి. ముద్రించేటప్పుడు ప్రింటర్ హెడ్ అటూ ఇటూ పరుగెడుతూ, వెంట్రుక కన్నా సన్నని వందలాది నాజిళ్ల నుంచి సిరా చుక్కలు చిమ్ముతుంది. అలా ఒక పట్టీ పూర్తవగానే రోలర్లు ఫ్లెక్స్‌ను కొలత ప్రకారం ముందుకు జరుపుతాయి; దీన్నే ఫీడ్ అంటారు. నాజిల్‌లో సిరా ఎండితే దాని వరుస ఖాళీగా మిగలొచ్చు. రోలర్ కాస్త ఎక్కువ జరిపినా పట్టీల మధ్య తెల్లని సందు మిగులుతుంది. తక్కువ జరిపితే అవి ఒకదానిమీదొకటి పడి ముదురు గీత వస్తుంది.

మరి తేడా ఎలా తెలుస్తుంది? నాజిల్ చెక్ అనే పరీక్ష ముద్ర వేస్తే చాలు. అందులో ప్రతి నాజిల్ తన చిన్నగీత తాను గీస్తుంది. కొన్ని గీతలు లేకపోతే ఆ నాజిళ్లు మూసుకుపోయి ఉండొచ్చు, అప్పుడు క్లీనింగ్ సరైన మందే. అన్నీ నిండుగా ఉంటే ముందు ఫీడ్‌ను అనుమానించాలి. క్లీనింగ్ చేస్తే పోయేదేముంది అనవచ్చు. కానీ ప్రతిసారీ మంచి సిరా వ్యర్థాల ట్యాంకులోకి పోతుంది, ఫీడ్ లోపం మాత్రం అలాగే ఉంటుంది. ఫ్లెక్స్ రకం మారితే మందం, జారుడు మారతాయి కనుక పాత ఫీడ్ కొలత కొత్త రోల్‌కు సరిపోకపోవచ్చు. రోల్ మార్చినప్పుడల్లా ఆ కొలతను సరిచూడండి.