తోకను చూసి మోసపోకండి!

వేములవాడలో మీ పెరటి పూలకుండీని ఎప్పుడైనా జరిపి చూశారా? కింద తడిమట్టిలో నల్లని దారంలాంటి ప్రాణి ఒకటి మెలికలు తిరిగి, చూస్తూండగానే మాయమైపోతుంది. వానపాము అనుకుంటారు మీరు. కాని వానపాము ఒంటినిండా ఉంగరాలుంటాయి. దీనికి నున్నగా మెరిసే పొలుసులున్నాయి. ఇది నిజమైన పామే, పేరు గుడ్డిపాము. విషం లేదు. చీమల గుడ్లు, చెదపురుగులు దీని ఆహారం.

ఇప్పుడు తూర్పు కనుమలలోని తడి కొండలకు వెళ్ళామనుకుందాం. అక్కడ రాతి కింద మరొక జానెడు పాము కనిపించవచ్చు. నల్లని ఒళ్ళు, దానిమీద చిన్న పసుపు చుక్కలు, మెడ పక్కన పసుపు చార. తల సన్నగా మొనదేలి ఉంటే, తోక మాత్రం కత్తితో ఏటవాలుగా కోసినట్టు మొండిగా ఉంటుంది. దీని శాస్త్రీయ నామం యూరోపెల్టిస్ ఎలియోటి. యూరోపెల్టిస్ అంటే డాలు తోక కలది అన్నమాట. దీనికీ విషం లేదు. వానపాములను తింటుంది, గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. మొనదేలిన తలతో నేలను తొలుచుకుంటూ పోతుంది. గరుకైన తోకకు మట్టి అంటుకుని, వెనక నుంచి శత్రువు రాకుండా కన్నానికి బిరడాలాగా పనిచేస్తుంది.

తలేదో తోకేదో తెలియని ఇటువంటి పాములన్నిటినీ మనవాళ్ళు 'రెండు తలల పాము' అనేస్తారు. ఈ మాట పాతదే. 200 ఏళ్ళకు పూర్వం విశాఖపట్నంలో ఉండిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు పాముల బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా 1796లో పుస్తకం అచ్చు వేయించాడు. అందులో గుడ్డిపాము పేరు 'రెండు తలల పాము' అనే ఉన్నది! ఆ బొమ్మ ఆధారంగానే 1803లో దోదేన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. అయితే మొద్దు తోక గల ఇసుక పాముల ప్రజాతిలో చేర్చాడు. ఆ తరువాత అది ఎన్నో ఇళ్ళు మారి, 2014లో ఇండోటిఫ్లాప్స్ అనే ప్రజాతిలోకి వచ్చింది.

మరి శాస్త్రజ్ఞులు దేన్ని చూసి గుర్తు పడతారు? రంగును కాదు, రంగు వయసుతో మారుతుంది, సీసాలోని మందులో వెలిసిపోతుంది. వాళ్ళు పొలుసులు లెక్కపెడతారు. గుడ్డిపాముకు వీపు మీద, పొట్ట మీద పొలుసులు ఒకే మాదిరి. నడుము చుట్టూ 20 వరుసలు. ఎలియోటికి 17 వరుసలే. పైగా పొట్ట మధ్య వరుస పక్కవాటికంటె కాస్త వెడల్పు. కట్లపాముకైతే పొట్టను అడ్డంగా పూర్తిగా కప్పే పెద్ద పలకలుంటాయి. కట్లపాము పిల్ల కూడా సన్నగా, నల్లగా ఉండవచ్చు, దానికి పుట్టుకతోనే విషం ఉంటుంది కనుక, లెక్కపెడదామని ఏ చిన్న పామునూ చేత్తో పట్టుకోకండి. ఆ పని తర్ఫీదు పొందినవారిది.

ఎలియోటికి 1858లో పేరు పెట్టినవాడు లండన్ మ్యూజియంలోని గ్రే. వాల్టర్ ఎలియట్ పేరు మీద పెట్టాడు. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించిన దొర ఆయనే.

పేరు ఒక్కోసారి ఊరినే తప్పు చెబుతుంది. ఇదే ప్రజాతిలో యూరోపెల్టిస్ సెలానికా అనే పాము ఉన్నది. సింహళానిదని 1829లో క్యూవియే ఆ పేరు పెట్టాడు. తీరా అది ఉండేది మన పడమటి కనుమలలో! ఇంకా పెద్ద చిక్కు మరొకటి. సేలం దగ్గరి షెవరాయ్ కొండల డాలుతోక పాముకు బెడ్డోమ్ అనే అటవీ అధికారి 1863లో వేరే పేరు పెట్టాడు. తరువాతివారు దాన్ని సెలానికాలో కలిపేశారు. 2014లో పొలుసులు మళ్ళీ లెక్కపెట్టి, రెండూ వేర్వేరని తేల్చారు.

ఈ తేడాతో మనకేం పని అంటారా? ఈ పాములు ఎండిన మైదానాన్ని దాటి వేరే కొండకు పోలేవు. ఒక్కొక్క కొండ వాటికి ఒక్కొక్క దీవి. షెవరాయ్ పామును సెలానికా అనుకున్నన్నాళ్ళు, అక్కడ అది అంతరించినా పడమటి కనుమలలో బోలెడున్నాయి కదా అని ఊరుకునేవాళ్ళం. ఎలియోటి తూర్పు కనుమలలోనూ ఉన్నది, పడమటి కనుమలలోనూ ఉన్నది. రెండుచోట్లదీ ఒకటే జాతి అని నమ్మే ముందు, రెండిటి పొలుసులనూ, జన్యువులనూ పక్కపక్కన పెట్టి చూడవలసిందే.